ఓడకిచ్చిన మాట, వాడకిచ్చిన మాట

ఊరి బయటి నుంచి – 14

ప్రభుత్వం మాట నిలబెట్టుకోదు అని మనం అలవాటుగా అనేస్తుంటాం. అది పూర్తి నిజం కాదు మిత్రులారా. నిలబెట్టుకోవాలి అనుకున్న మాటను ప్రభుత్వం నూరేళ్లయినా నిలబెట్టుకుంటుంది. యుద్ధమో తుఫానో వచ్చి ఆపితే తప్ప ఒక్క సాయంత్రం కూడా తప్పదు. నమ్మకం లేకపోతే సముద్రం ఒడ్డున ఏదైనా పాత లైట్‌హౌస్ దగ్గరికి వెళ్లి పొద్దుగూకే దాకా నిలబడండి. వేళకి దీపం వెలుగుతుంది. దానికోసం ఎవరూ ధర్నా చేయరు, ఎవరూ వినతిపత్రం ఇవ్వరు. అయినా వెలుగుతుంది.

నేను ఈ మధ్య చూసింది మహాబలిపురం లైట్‌హౌస్. దళితుల భూముల మీద చెంగల్పట్టులో జరిగిన రెండు రోజుల సమావేశానికి వెళ్లాను. మూడో రోజు బస్సుకి ఇంకా సగం రోజు టైముంటే అక్కడికి వెళ్లాం. "భూమి గురించి రాస్తానని చెప్పి టూరు కబుర్లు మొదలెట్టావేంటన్నా" అని కొందరు అడుగుతారని తెలుసు. కాస్త ఓపిక పట్టండి. ఇది భూమి కబురే.

ముందు ఆ కట్టడం సంగతి. మహాబలిపురంలో రాతిగుట్ట మీద పల్లవుల కాలపు శివాలయం ఒకటుంది. ఒలక్కణ్ణేశ్వర ఆలయం అంటారు. కింద మహిషాసురమర్దని గుహ, దాని నెత్తిన ఈ గుడి. 1880ల చివర్లో ఇంగ్లీషువాళ్లు ఈ గుడి కప్పు మీదే ఓడల కోసం దీపం పెట్టారు. తర్వాత పక్కనే రాతితో గుండ్రటి బురుజు కట్టారు. అది 1904 నాటికి పూర్తిగా పనిలోకి వచ్చింది. ఇప్పుడు మనం టికెట్టు కొని ఎక్కేది దాన్నే. మధ్యలో కొన్నేళ్లు భద్రత పేరుతో సందర్శకులకి మూసేసి 2011లో మళ్లీ తెరిచారు.

గుడి కప్పు మీద దీపం పెట్టారన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మద్రాసు రాష్ట్రంలో దళితులకి గుళ్లలోకి వెళ్లే హక్కు ఇస్తూ చట్టం వచ్చింది 1947లో. అంటే సరుకు ఓడకి దారి చూపించడానికి గర్భగుడి నెత్తికెక్కి దీపం పెడితే ఏ ఆచారమూ అడ్డం రాలేదు. మనిషి గడప దాటడానికి మాత్రం ఇంకో అరవై ఏళ్లు పట్టింది. "అది పాడుపడ్డ గుడి కదా" అని ఎవరైనా వాదిస్తే వాదించనివ్వండి. పాడుపడ్డ గుళ్లలోకి మాత్రం మనల్ని రమ్మని ఎవరు పిలిచారు?

సన్నటి మెలికల మెట్లెక్కి పైకి వెళ్తే చుట్టూ నడిచే గ్యాలరీ ఉంది. తూర్పున తీరాలయం, దాని వెనక సముద్రం. దక్షిణాన పంచరథాలు. ఎక్కిన ప్రతివాడూ తూర్పుకి తిరిగి ఫోను పైకెత్తుతున్నాడు. నాతో వచ్చిన తమ్ముడు మాత్రం పడమటి వైపు కటకటాల దగ్గర నిలబడ్డాడు. వాళ్ల తాతలు చెన్నై కార్పొరేషన్‌లో పారిశుద్ధ్య పని కోసం నెల్లూరు వైపు నుంచి వలస పోయినవాళ్లు. ఇంట్లో తెలుగు, బయట తమిళం. "అన్నా, ఇటు రండి. సముద్రం ఎక్కడికీ పోదు. పోయింది మన భూమి. దాన్ని చూద్దురు రండి" అన్నాడు.

పడమట బకింగ్‌హాం కాలువ. దాని అవతల తుమ్మచెట్లు, అక్కడక్కడ పొలాలు, వాటి మధ్య రంగు రాళ్లు పాతిన ప్లాట్లు. ఇదంతా పాత చెంగల్పట్టు జిల్లా. ఈ లైట్‌హౌస్‌లో దీపం వెలిగించిన రోజుల్లోనే ఈ జిల్లాలో ఇంకో దీపం కూడా వెలిగించారు. ఆ కథే ఇవాళ మీకు చెప్పాల్సింది.

1891లో చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ ఈ జిల్లా పరయర్ల స్థితి మీద ప్రభుత్వానికి ఒక నివేదిక రాశాడు. అందులో ఏముంది? ఊరి భూమి మీద మిరాసీ హక్కు పెద్ద కులాలది. పరయర్లు ఎవరైనా బంజరు కోసం దరఖాస్తు పెడితే ముందు హక్కు మాది అని మిరాసీదార్లు అడ్డం తిరుగుతారు. పరయర్లు కాపురముండే గుడిసె కింద నేల కూడా వాళ్లది కాదు, ఎదురు మాట్లాడితే లేచిపోవాలి. అప్పు పత్రం రాయించుకుని తరతరాలు పాలేర్లుగా కట్టేస్తారు. మన తాతలు చెప్పిన కథే, కలెక్టరు కలంతో. అదే రోజుల్లో చెంగల్పట్టులో పనిచేస్తున్న స్కాట్లాండ్ మిషనరీ ఆడమ్ ఆండ్రూ కూడా భూమి కోసం అర్జీ మీద అర్జీ పెట్టాడు. పరయర్లే అంతకుముందు నుంచీ దరఖాస్తులు పెడుతూ, తిరస్కరించబడుతూ, మళ్లీ పెడుతూ వచ్చారు. ఈ చరిత్ర వివరంగా కావాలంటే రూపా విశ్వనాథ్ 2014లో తెచ్చిన ఇంగ్లీషు పుస్తకం 'ద పరయా ప్రాబ్లమ్' చదవండి.

రెవెన్యూ బోర్డు ఆ నివేదికలో చాలా భాగాన్ని కొట్టిపారేసింది. అయినా 1892 సెప్టెంబరు 30న మద్రాసు ప్రభుత్వం 1010 నంబరు ఉత్తర్వు ఇచ్చింది. అణగారిన కులాలకి షరతులతో భూమి ఇవ్వడం అక్కడి నుంచి మొదలై, తర్వాతి దశాబ్దాల్లో రెవెన్యూ నిబంధనల్లోకి ఎక్కింది. షరతులు మన మంచికే పెట్టారు: మొదటి పదేళ్లు అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు. ఆ తర్వాత అమ్మినా అణగారిన కులాలవాళ్లకే అమ్మాలి. వేరేవాళ్లు కొంటే ఆ కొనుగోలు చెల్లదు, ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు. ఇవే తమిళనాడులో పంచమి భూములు.

పంచమి అంటే తిథి కాదు, పంచములు. మన బెజవాడలో 1917లో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన సభ పెట్టుకుని ఆ పేరు మాకొద్దు, మేం ఆది ఆంధ్రులం అని చెప్పుకున్నాం. పేరు మనం వదులుకున్నాం. భూమిని మన చేత వదిలించారు.

తమిళ దళిత ఉద్యమాలు దశాబ్దాలుగా చెబుతున్న లెక్క ప్రకారం అలా ఇచ్చిన భూమి 12 లక్షల ఎకరాలు. అందులో ఎక్కువ భాగం ఇవాళ దళితుల చేతుల్లో లేదన్నది వాళ్ల ఫిర్యాదు. షరతు మారలేదు, చట్టం రద్దు కాలేదు. మద్రాసు హైకోర్టు కూడా ఆ షరతులు చెల్లుతాయనే చెప్పింది. కాగితం మీద దీపం వెలుగుతూనే ఉంది. నేల మీద చీకటి.

ఇప్పుడు రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే ప్రభుత్వం, ఒకే జిల్లా, ఇంచుమించు ఒకే పదిహేనేళ్ల కాలం. ఒక మాట ఓడకిచ్చారు: చీకట్లో నీకు దారి చూపిస్తాం. ఇంకో మాట వాడకిచ్చారు: ఈ నేల నీది, ఇంకెవడూ లాక్కోకుండా చూస్తాం.

ఓడకిచ్చిన మాట ఎలా నిలబడిందో చూడండి. దానికి ఒక చట్టం ఉంది. 1927 నాటి లైట్‌హౌస్ చట్టం కింద రేవుకొచ్చిన ఓడల దగ్గర దీపం పన్ను వసూలు చేసి ఆ డబ్బుని దీపాల మీదే ఖర్చుపెట్టారు. 2021లో ఆ చట్టం తీసేసి కొత్త చట్టం తెచ్చారు కానీ మాట మారలేదు. దానికి ఢిల్లీ దగ్గర నోయిడాలో డైరెక్టరేటు ఉంది. ప్రతి లైట్‌హౌస్‌కీ తనదైన మెరుపు లెక్క ఉంటుంది. ఎన్ని సెకన్లకి ఎన్నిసార్లు మెరుస్తుందో లోకంలోని నావికులందరికీ తెలిసేలా అచ్చువేసి ఉంటుంది. దీపం ఎప్పుడు వెలిగింది, ఎప్పుడు ఆరింది అని పుస్తకంలో రాసే పద్ధతి ఉంది. ఎక్కడైనా దీపం పనిచేయకపోతే నావికులకి నోటీసు పోతుంది. ఇప్పుడు ప్రతి ఓడలోనూ జీపీఎస్ ఉంది. లైట్‌హౌస్ వైపు చూడకుండానే దారి తెలుస్తుంది. అయినా దీపం ఆపలేదు. 2024 ఫిబ్రవరి 28న తూత్తుకుడిలో ప్రధాని 75 లైట్‌హౌస్‌ల దగ్గర పర్యాటక వసతుల్ని జాతికి అంకితం కూడా చేశారు. అవసరం తగ్గినా గౌరవం తగ్గలేదు.

వాడకిచ్చిన మాటకి ఇందులో ఏముంది? చట్టం ఉంది, షరతు ఉంది. అంతే. ఏ సర్వే నంబరు భూమి ఈ ఏడాది ఎవరి చేతిలో ఉందో వెళ్లి చూసే మనిషి లేడు. పోతే రాసే పుస్తకం లేదు. మన భూమి చేతులు మారినప్పుడు ఎవరికి నోటీసు పోయింది? మనకి కూడా పోలేదు. ట్రాక్టరు వచ్చి దున్నినప్పుడే తెలిసింది.

దీనికి కొందరు మేధావులు ఇచ్చే జవాబు నాకు తెలుసు. "లైట్‌హౌస్ సాంకేతిక విషయం, భూమి సామాజిక సమస్య, రెండూ పోల్చకూడదు" అంటారు. పోల్చాలి. లైట్‌హౌస్ నడపడం తేలికేమీ కాదు. కరెంటు లేని రోజుల్లో నూనె మోయాలి, అద్దాలు తుడవాలి, రాత్రంతా మేలుకోవాలి, తుఫానులో కూడా దిగిపోకూడదు. పొడవైన తీరం పొడుగునా ఇలా మనుషుల్ని నిలబెట్టగలిగిన ప్రభుత్వానికి ఒక తాలూకాలో ఫలానా పొలం ఎవరు దున్నుతున్నారో చూడటం చేతకాదా?

అసలు తేడా వేరే ఉంది. రెండు విషయాల్లో ఉంది.

మొదటిది, దీపం ఆరిపోతే అడిగేవాడు ఎవడు అన్నది. ఓడ రాయికి కొట్టుకుంటే ఓడ యజమాని అడుగుతాడు, సరుకు పంపిన వర్తకుడు అడుగుతాడు, బీమా కంపెనీ అడుగుతుంది. ఆ గొంతులు ప్రభుత్వానికి వినబడతాయి. వాడ మునిగితే అడిగేది వాడే. ఆ గొంతు ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఇదే జిల్లా చాలు. కారణై గ్రామంలో పంచమి భూమి వెనక్కి కావాలని పోరాడి అక్కడ అంబేడ్కర్ విగ్రహం పెట్టుకుంటే పోలీసులు దాన్ని తీసేశారు. దాన్ని నిరసిస్తూ 1994 అక్టోబరు 10న చెంగల్పట్టు కలెక్టరాఫీసు ముందు చేరిన జనం మీద కాల్పులు జరిపారు. జాన్ థామస్, ఏళుమలై అనే ఇద్దరు చనిపోయారు. ఒక కలెక్టరు కలం పట్టి ఈ నేల మీది అన్యాయాన్ని రాసిన జిల్లా అది. నూట మూడేళ్ల తర్వాత అదే జిల్లా కలెక్టరాఫీసు ముందు, అదే నేల అడిగినందుకు మనుషులు కూలిపోయారు. టూరిస్టు మ్యాపులో ఆ చోటు ఉండదు. ఇప్పుడు మీరు రాసుకోండి.

రెండోది ఇంకా ముఖ్యం. కాపలా ఎవరి చేతికిచ్చారు అన్నది. లైట్‌హౌస్ కాపలాని ఓడలు మునిగితే సరుకు ఏరుకుందామని ఎదురుచూసేవాడికి ఇవ్వలేదు. జీతగాణ్ణి పెట్టారు, పైన అధికారిని పెట్టారు, తప్పు జరిగితే శిక్ష పెట్టారు. మన పట్టా కాపలా మాత్రం ఎవరికిచ్చారు? కరణానికీ మునసబుకీ. అంటే ఎవడి పొలం గట్టు మన పొలానికి ఆనుకుని ఉందో వాడికి, లేదా వాడి బంధువుకి. వంశపారంపర్య గ్రామాధికార్లని తమిళనాడులో 1980లో తీసేశారు, మనకి 1984లో తీసేశారు. అంటే 1892 నుంచి చూస్తే దాదాపు తొంభై ఏళ్లు మన దీపానికి కాపలా ఉన్నవాడు, అది ఆరిపోతే లాభపడేవాడే. ఆ తొంభై ఏళ్లలో అడంగల్‌లో ఎవరి పేరు కొట్టేశారో, ఎవరి పేరు ఎక్కించారో, ఎన్ని వేలిముద్రలు ఎన్ని కాగితాల మీద వేయించారో ఊరూరా కథలున్నాయి. మా ఊళ్లో కూడా ఉన్నాయి. మీ ఊళ్లో లేవా?

ఇది పక్క రాష్ట్రం గొడవ అనుకుని వదిలేయకండి. ఆ లైట్‌హౌస్ మీంచి కనబడే బకింగ్‌హాం కాలువ వెంట ఉత్తరానికి పోతూ ఉంటే పులికాట్ దాటి, నెల్లూరు దాటి, పెదగంజాం వస్తుంది. అక్కడి నుంచి కారంచేడు ఎంతో దూరం లేదు. 1985 జూలై 17 గురించి నేను ఈ పేజీలో చాలాసార్లు రాశాను. చేతిలో నేల లేనివాడు మంచినీళ్ల చెరువు గురించి మాట్లాడితే ఏమవుతుందో కారంచేడు చెప్పింది.

కోస్తా, రాయలసీమ అంతా ఆ మద్రాసు రాష్ట్రంలోదే. మనం రోజూ వాడే మాటలు దరఖాస్తు పట్టా, డీకేటీ, డీ-ఫారం, రెవెన్యూ బోర్డు స్టాండింగ్ ఆర్డరు 15, ఇవన్నీ ఆ ఇంటి పిల్లలే. 1977లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం వచ్చింది. పేదలకి ఇచ్చిన భూమిని ఇంకొకరు కొంటే చెల్లదనీ, స్వాధీనం చేసుకుని అసలు లబ్ధిదారుకి తిరిగివ్వాలనీ అందులో ఉంది. 2006లో కోనేరు రంగారావు కమిటీ కూడా పేదల భూములు ఎలా చేతులు మారాయో చెప్పి, ఏం చేయాలో పెద్ద జాబితా రాసి ఇచ్చింది. కమిటీ నివేదిక కూడా ఒక దీపమే. బీరువాలో పెట్టిన దీపం.

రాజధాని భూసమీకరణ గుర్తుందా? మొదటి ప్యాకేజీలో పట్టా రైతుకి ఒక లెక్క, అసైన్డ్ రైతుకి తక్కువ లెక్క. పక్కపక్క చేలే. ఒకే నేల, ఒకే నీరు. తేడా పట్టా రంగులో. నీకు మేమిచ్చిన భూమి కాబట్టి నీ భూమి విలువ తక్కువ అన్నారు. ఇచ్చినవాడే చిన్నచూపు చూస్తే కొనేవాడు ఎలా చూస్తాడు?

2023లో ఆంధ్రప్రదేశ్‌లో చట్టం మార్చి, ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ భూముల మీద లబ్ధిదారులకి పూర్తి హక్కులు ఇస్తామన్నారు. దీని మీద మనలోనే రెండు అభిప్రాయాలున్నాయి. అమ్మే హక్కు లేని భూమి ఏం భూమి, బ్యాంకువాడు కూడా పక్కకి నెడతాడు, కూతురి చదువుకి ఎకరం అమ్ముకునే స్వేచ్ఛ అగ్రకులాలకే ఉండాలా అని ఒకరు. హక్కొచ్చిన మర్నాడే ఊరి షావుకారు అప్పు కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడతాడు అని ఇంకొకరు. ఇద్దరూ మనవాళ్లే, ఇద్దరిదీ అనుభవమే. నా మాట ఇది: హక్కు ఇవ్వండి, కానీ దానికంటే ముందు ఏ భూమి ఎవరి చేతిలో ఉందో తేల్చండి. అసలు మనిషి చేతిలో భూమి లేకుండా హక్కు ఇస్తే, ఆ హక్కు లాక్కున్నవాడి దొంగతనానికి రాజముద్ర అవుతుంది.

అందుకే నేను అడుగుతున్నది కొత్త పథకం కాదు, కొత్త కార్పొరేషన్ కాదు, ఇంకో విగ్రహం కూడా కాదు. లైట్‌హౌస్‌కి ఉన్నవన్నీ మన భూమికి కావాలి.

ఒకటి, పుస్తకం. గ్రామం వారీగా, సర్వే నంబరు వారీగా, ఏ సంవత్సరం ఎవరికి ఇచ్చారు, ఇవాళ ఎవరి చేతిలో ఉంది అన్నది రాసి సచివాలయం గోడకి అంటించాలి. ప్రతి ఏడూ గ్రామసభలో చదవాలి. అదీ వాడలో కూర్చుని చదవాలి, రచ్చబండ దగ్గర కాదు.

రెండు, నోటీసు. ఆ భూమి రికార్డులో ఒక్క అక్షరం మారినా అసలు కుటుంబానికి ముందుగా కాగితం అందాలి.

మూడు, కాపలా. చూసి రావడానికి వెళ్లే బృందంలో ఆ వాడ మనుషులుండాలి, అందులో ఆడవాళ్లుండాలి. ఏ మడి ఎవరిదో నాట్లు వేసే చేతులకి తెలిసినంత సర్వేయరుకి తెలియదు.

నాలుగు, శిక్ష. దళితులకి కేటాయించిన భూమిని అక్రమంగా ఆక్రమించడం ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. సెక్షన్ 3లో స్పష్టంగా ఉంది. సివిల్ తగాదా, కోర్టుకి పొమ్మని ఎస్‌ఐ అంటే ఆ సెక్షన్ చదివి వినిపించండి.

ప్రభుత్వం చేసేదాకా కూర్చోనక్కర్లేదు. ఈ రాతలు చదివే పిల్లల్లో చాలామంది చదువుకున్నవాళ్లు, ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు, హైదరాబాదులోనూ బెంగుళూరులోనూ దుబాయిలోనూ ఉన్నవాళ్లు. పండక్కి ఊరెళ్లినప్పుడు ఒక్క పని చేయండి. ఇంట్లో ట్రంకు పెట్టె తెరిచి తాత పేరున పట్టా ఉందేమో వెతకండి. సర్వే నంబరు రాసుకోండి. అడంగల్, వన్‌బీ తీసి ఇవాళ ఎవరి పేరుందో చూడండి. తహసీల్దారు ఆఫీసులో సమాచార హక్కు కింద మీ ఊరి అసైన్‌మెంటు రిజిస్టరు నకలు అడగండి. నాయనమ్మని కూర్చోబెట్టి మన చేను ఎక్కడుండేది అని అడిగి ఆమె చెప్పింది ఫోనులో రికార్డు చేయండి. ఆమె పోతే ఆ రికార్డు కూడా పోతుంది.

లైట్‌హౌస్‌లు చూడొద్దని నేను చెప్పడం లేదు. పిల్లల్ని తీసుకెళ్లండి, మెట్లెక్కించండి, దీపం ఎలా పనిచేస్తుందో చూపించండి. అది మనుషులు మనుషులకి చేసిన మంచి పనుల్లో ఒకటి. ముక్కూ ముఖం తెలియని ఓడకి, ఏ దేశపు జెండా అని అడక్కుండా, ఏ మతపు కెప్టెన్ అని అడక్కుండా దారి చూపిస్తుంది. అంత పెద్ద మనసు ఈ దేశంలో ఉందని తెలియడం మంచిదే. పైకెక్కాక మాత్రం సముద్రం ఫోటో తీసుకున్నాక పడమటికి కూడా ఒకసారి తిప్పండి వాళ్లని. ఆ వెలుగు ఎటు పోతోందో చూశారు కదా, ఎటు పోవడం లేదో కూడా చూడమనండి.

వచ్చే భాగంలో అసైన్‌మెంటు రిజిస్టరు కోసం సమాచార హక్కు దరఖాస్తు ఎలా రాయాలో నమూనాతో సహా పెడతాను. అప్పటికి మీ సర్వే నంబరు మీ దగ్గర ఉండాలి.

జై భీమ్.